నూట నాలుగో సూది

వరంగల్లు కొత్తవాడలో ఒక మాట రెండేళ్లుగా నల్లా దగ్గర నుంచి కిరాణం దాకా, కిరాణం నుంచి పిండిగిర్ని దాకా తిరుగుతోంది. సారంగపాణి తన పాత కారును ఇంట్లోనే విప్పి బాగుచేసుకున్న రోజున, ఆయన భార్య చిలుకమ్మ కావాలనే కొత్త సామాన్లను కిరసనాయిలులో ముంచి చెడగొట్టిందట. మొగుడి కారు తుక్కులోకి పోతే తప్ప ఆమెకు ఊపిరాడదట. చెప్పేవాళ్లు కళ్లతో చూసినట్టే చెబుతారు. కానీ ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురే: సారంగపాణి, చిలుకమ్మ, సారంగపాణి అన్న గట్టయ్య, తోడుకని పెరుగు గిన్నె పట్టుకొచ్చి పొద్దుగూకే దాకా కదలని పక్కింటి సోమక్క. గట్టయ్య భార్య ఆ పొద్దున్నే పుట్టింటికి పోయింది. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే ఆ మాటలో పొట్టెంతో గింజెంతో అదే తేలుతుంది.

సారంగపాణిది తాతల నాటి నుంచి జంపఖానాలు నేసే ఇల్లు. ఎనిమిదేళ్ల వయసులోనే నాయిన పక్కన మగ్గం మీద కూర్చున్నాడు. పద్దెనిమిది నిండాక, అందరిలాగే భీమండికి రైలెక్కాడు. అక్కడ సాంచాల, అంటే మరమగ్గాల, మోత మధ్య ఏడేళ్లు. ఒకనాడు సేటు డ్రైవరుకు జ్వరమొస్తే, కారును ఎండలో నుంచి నీడలోకి నెట్టమన్నారు. సారంగపాణి నెట్టలేదు. లోపల కూర్చుని తాళం తిప్పాడు. కారు గోడను ముద్దాడి ఆగింది. సేటు తిట్టాడు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత డ్రైవరు దగ్గరే నేర్చుకోమన్నాడు. ఆ రోజు పట్టిన పిచ్చి మళ్లీ వదల్లేదు. డెబ్బై తొమ్మిదిలో నాయిన పోతే ఇంటికి తిరిగొచ్చాడు కానీ, పడుగులో అటూ ఇటూ ఉరికే నాడె చేతిలో ఉన్నా చెవి మాత్రం రోడ్డు మీదే ఉండేది. ఏ బండి పోయినా చూడకుండానే చెప్పేవాడు, ఇది ఫలానా కంట్రాక్టరు జీపు, ఇది ఫలానా డాక్టరు ఫియట్ అని.

ఎనభై రెండులో హన్మకొండలో ఒక ముసలి కంట్రాక్టరు వదిలించుకుంటున్న అరవై నాలుగు నాటి అంబాసిడర్‌ను ఇంటికి తోలుకొచ్చాడు. పెళ్లిళ్లకు, దవాఖానకు, ములుగు నర్సంపేట కిరాయిలకు తిప్పసాగాడు. దాన్ని నిలపడానికి ఇంట్లో ఒక్కటే చోటు, మగ్గాలుండే సాయబాను, ఇంటి ముందరి రేకుల షెడ్డు. అక్కడ నాయిన కాళ్లు పెట్టుకుని నేసిన మగ్గం గుంత ఉంది. మగ్గం ఎప్పుడో విప్పేశారు, గుంత మాత్రం మిగిలింది. సారంగపాణి కారును సరిగ్గా ఆ గుంత మీద నిలిపేవాడు. గుంతలో దిగి కూర్చుంటే కారు కడుపు మొత్తం తల మీద కనిపించేది. దాన్ని ఇంకో మూరెడు లోతు తవ్వి, గోడకు చిన్న గూడు చేసి పానాలు పెట్టుకున్నాడు. వరంగల్లులో ఏ మెకానిక్కుకూ అంత సుఖమైన కొలువు లేదు.

అదే గుంత మీద గట్టయ్య కన్ను పడింది. సొసైటీ వాళ్లు పెద్ద జంపఖానాలు కావాలన్నారు, ఇంట్లో మూడో మగ్గం వేస్తే తప్ప తెమలదు. ఒక మగ్గం మీద గట్టయ్య దంపతులు కూర్చుంటే, రెండో దాని మీద చిలుకమ్మ, పోగులను దగ్గరికి దట్టించే పంజా కొడుతూ, ఒంటరిగా కూర్చుంటోంది. ఆమె పక్కన ఉండాల్సిన మనిషి పొద్దున్నే కారు తుడుచుకుని వెళ్లిపోతాడు.

"మగ్గానికి తవ్విన గుంతల కారును పండవెట్టినవు. నాయిన సూస్తె ఏమంటడురా?" అనేవాడు గట్టయ్య.

"నాయిన సూస్తె ముందు సీట్ల కూసుంటడు అన్నా," అనేవాడు సారంగపాణి.

ఎనభై అయిదు ఎండాకాలం మొదట్లో ఈ వాదానికి ముహూర్తం కుదిరింది. నర్సంపేట నుంచి పెళ్లివాళ్లను తెస్తుండగా కారు కింద టక్ మంది. ఆగి కదిలినప్పుడల్లా టక్. యాక్సిలరేటర్ వదిలితే టక్. నలభై దాటితే సీట్ల కింద వణుకు. పెళ్లికొడుకు మేనత్త దారంతా ఆంజనేయ దండకం చదివింది. సారంగపాణి వాళ్లను దించి కారును నేరుగా పోచమ్మ మైదాన్ దగ్గర హైదర్ షెడ్డుకు తీసుకుపోయాడు.

హైదర్ కింద దూరి, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల దాకా పోయే పొడుగు ఇనుప గొట్టాన్ని, అదే షాఫ్టును, చేత్తో పట్టి తిప్పాడు. టక్, టక్.

"సారంగం భాయ్, నీ బండికి మోకాలి చిప్ప అరిగింది," అన్నాడు పడుకునే. "ఇంజన్ మంచిగనే తిప్పుతాంది, చక్రం తిరుగుత అంటాంది, నడుమ మోకాలే మొరాయిస్తాంది. షాఫ్టు చివర్ల క్రాస్ ఉంటది సూడు, కూడిక గుర్తు లెక్క, అది పోయింది. కొత్తది ఎయ్యాలె."

"ఎప్పుడు ఏస్తవ్ ఉస్తాద్?"

"మంగళారం. రేపు మరిపెడ పోతాన, అక్క బిడ్డ షాదీ."

మంగళవారం దాకా గట్టయ్య ఆగలేదు. ఆ సాయంత్రమే తీర్పు చెప్పేశాడు. ఆదివారం కారు ములుగు దాకా ఎక్కడా ఆగకుండా, టక్ అనకుండా పోతే గుంత తమ్ముడిది. పోకపోతే సోమవారం తుక్కాయన బండి తెస్తాడు, మంగళవారం ఆ గుంత మీద మగ్గం లేస్తుంది. సారంగపాణి తల గోక్కున్నాడు, ఆపై సరే అన్నాడు. అన్నాక భయమేసింది కానీ, అది పావు వంతే. మిగతా ముప్పావు సంబరం. మూడేళ్లుగా ఆ షాఫ్టును తనే విప్పాలని ఉంది. ఇప్పుడు కాదనేవాళ్లు లేరు.

రాత్రికి రాత్రే హైదర్ ఇంటికి పోయి అడిగాడు. హైదర్ పెళ్లి బట్టలు మడత పెట్టుకుంటూ మూడు వేళ్లు చూపించాడు.

"ఒకటి, ఇప్పేముందు గుర్తు వెట్టు. ఏ రంధ్రం ఏ రంధ్రానికి ఎదురున్నదో మళ్ల గట్లనే రావాలె. రెండు, క్రాస్ నాలుగు చేతులకు నాలుగు కప్పులుంటయి, టోపీల లెక్క. కప్పుల గోడకు చుట్టూత సన్న సూదులుంటయి. ఒక్క సూది అడ్డం వడ్డా కప్పు దిగది, ఒక్కటి తక్కువైనా పద్దినాలల్ల మళ్ల టక్ అంటది. మూడు, దిగకపోతె సుత్తెతోని జబర్దస్తీ చెయ్యకు. తీసి సూడు. గంతే. ఫికర్ చెయ్యకు."

ఇంత చెప్పిన హైదర్ ఒక్క మాట చెప్పలేదు. చెప్పాలని తోచదు కూడా. మెకానిక్కుల ఇళ్లల్లో ఆ పని ఎవరూ చెయ్యరు.

శనివారం పొద్దున సారంగపాణి చౌరస్తా నుంచి కొత్త క్రాస్ డబ్బా తెచ్చి, దేవుడి పటం ముందు పెట్టి మొక్కి, చిలుకమ్మ మగ్గం పక్కనున్న బల్ల మీద పెట్టాడు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు, వెనక ఒక చక్రాన్ని జాకీతో లేపి కింద దుంగ పెట్టాడు, గుంతలోకి దిగాడు. అదే సమయానికి సోమక్క పెరుగు గిన్నెతో వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, కొడుకులూ కోడళ్లూ మిల్లు డ్యూటీలకు పోయాక ఆమెకు వాడంతా ఇల్లే.

"ఏంది సారంగం," అంది గుంతలోకి వంగి, "మీ నాయిన గండ్ల కాళ్లు వెట్టి జంపఖానలు నేసిండు, నువ్వు తలకాయ వెట్టి కారు నేస్తానవా?"

"నేసుడు కాదక్కా, విప్పుడు."

"విప్పుడు అందరికి అస్తది. అతుకవెట్టుడే మొగోని పని."

షాఫ్టు వెనక చివర పళ్లెం లాంటి రెండు ఇనుప బిళ్లలు ఒకదానికొకటి నాలుగు బోల్టులతో అతుక్కుని ఉన్నాయి. గుర్తు పెట్టమన్నాడు కదా హైదర్. మెకానిక్కులు ఉలితో గీత కొడతారు. సారంగపాణి నేతగాడు, ఉలి కన్నా ముందు నూలు గుర్తొచ్చింది. ఎర్ర పోగు ఒకటి తెంపి ఈ బిళ్లకూ, ఇంకోటి ఎదురుగా ఆ బిళ్లకూ కట్టాడు. పడుగులో లెక్క తప్పకుండా పోగు కట్టేది ఎలాగో అలాగే. రెండు బోల్టులు తేలిగ్గా వచ్చాయి. మూడోది మొండికేసింది. కిరసనాయిలు చుక్కలు పోసి, బీడీ తాగినంత సేపు ఆగి, పానాకు గొట్టం తగిలించి లాగితే కీచుమని అరిచి లొంగింది. నాలుగోది చెప్పక ముందే వచ్చేసింది. షాఫ్టును వెనక్కి లాగగానే గేర్‌బాక్స్ నోటి నుంచి నల్లటి నూనె బొటబొటా కారింది.

"ఆ నూనె చుక్క నా పడుగు మీద వడ్డదనుకో, నిన్ను ఆ గుంతల్నే పూడుస్త," అంది చిలుకమ్మ, మగ్గం మీద నుంచి తల తిప్పకుండానే.

"పూడిస్తె మీ బావ మగ్గం ఎక్కడ ఏస్తడు?"

"నీ మీదనే ఏస్తడు. నువ్వన్న ఇంట్ల ఉన్నట్టుంటది."

సోమక్క పకపకా నవ్వింది. సారంగపాణి కూడా నవ్వాడు. ఆ మాట వెనక ఏముందో ఆయన వెతకలేదు. చేతిలో షాఫ్టు ఉన్న మనిషి ఏం వెతుకుతాడు.

పాత క్రాస్‌ను విప్పడం మరో యుద్ధం. కప్పులను పట్టి ఉంచే నాలుగు సన్న తీగ లాకులను పట్టకారుతో లాగి, క్రాస్‌ను పట్టుకునే ఇనుప చెవులను దుంగ మీద ఆనించి సుత్తెతో తడితే, ఒక కప్పు బయటికి తల పెట్టింది. దాన్ని తెరిచి చూస్తే సూదులు లేవు. ఇటుక పొడి లాంటి తుప్పు ఉంది. క్రాస్ చేతుల మీద గోటితో గీరినట్టు గాడులు పడ్డాయి. సారంగపాణికి దొంగను పట్టుకున్నంత ఆనందమైంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చిలుకమ్మకు చూపించాడు, సోమక్కకు చూపించాడు, రోడ్డు మీద పోతున్న పాలాయనను పిలిచి చూపించాడు.

"గింతదా అంత సప్పుడు జేసింది?" అంది సోమక్క. "మా చిన్నకోడలసొంటిదే."

ఇక కొత్తది బిగించడమే. గ్రీజు లేదని అప్పుడు గుర్తొచ్చింది. హైదర్ ఇంట్లో డబ్బా ఉందని సైకిలెక్కి పోయాడు. హైదర్ ముసలి తండ్రి గ్రీజుతో పాటు చాయ్ కూడా ఇచ్చి, నిజాం కాలం నాటి లారీల కథలు చెప్పాడు. గంటంబావు పట్టింది.

తిరిగొచ్చేసరికి చిలుకమ్మ మగ్గం దిగి కింద కూర్చుని ఉంది. ముందు స్టీలు పళ్లెం. పళ్లెంలో వెండి పోగు పోసినట్టు తళతళలాడుతూ సూదులు, ఒక్క కుప్పగా. పక్కన ఉతికిన గుడ్డ మీద నాలుగు కప్పులు, పెళ్లి గిన్నెల్లా బోర్లించి. క్రాస్ అయితే అద్దంలా మెరుస్తోంది.

"దుకాణపోడు నిన్ను మోసం జేసిండు," అంది ఆమె. "కొత్తదని పాతది అంటగట్టిండు. ఎంత జిడ్డు ఉన్నదనుకున్నవ్, పసుపచ్చగ. మొత్తం గాసునూనెల కడిగిన. సూడు ఎట్లున్నదో."

సారంగపాణి గ్రీజు డబ్బా కింద పెట్టి పళ్లెం దగ్గరికి వంగాడు.

ఆ జిడ్డు మురికి కాదు. అది సూదులను కప్పు గోడకు అంటించి పెట్టే గ్రీజు. ఫ్యాక్టరీ నుంచే అలా వస్తుంది. కానీ అది చిలుకమ్మకు ఎలా తెలుస్తుంది? ఆ ఇంట్లో మగ్గం దగ్గరికి జిడ్డు వస్తువు ఏది వచ్చినా ముందు కడగాలి. అత్త నేర్పిన మొదటి పాఠమే అది. ఒకప్పుడు పన్నెండు మూరల జంపఖానా మీద ఒక్క నూనె చుక్క పడితే, నెల రోజుల కష్టం ఎవరూ కొనక ఇంట్లోనే పరుచుకోవాల్సి వచ్చింది. తలకు నూనె రాసుకున్న రోజున ఆ ఇంటి ఆడవాళ్లు మగ్గమే ఎక్కరు. అలాంటి ఇంట్లో, పడుగుకు జానెడు దూరంలో, జిడ్డోడుతున్న డబ్బాను పెట్టిపోయింది ఎవరు? ఆయనే.

"సూదులు ఊడినయి గద," అన్నాడు, ఖాళీ కప్పును తిప్పి చూస్తూ.

"ఊడినయి. ఒక్కటి గుడ పారెయ్యలే, అన్ని అండ్లనే ఉన్నయి." అప్పుడు ఆయన ముఖం చూసింది. "ఏందయ్యా, తప్పు జేసిన్నా?"

జవాబు చెప్పేలోపే గట్టయ్య వచ్చాడు, చేతిలో కొలబద్ద కర్రతో. పళ్లెం చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, కథ మొత్తం సోమక్క నోట రెండు ముక్కల్లో విన్నాడు.

"అయితె తుక్కాయనకు కబురు వెడ్త," అని గుంత చుట్టూ కర్రతో కొలవడం మొదలుపెట్టాడు. "రెండు మూరల మీద జానెడు. మగ్గానికి సరిపోను ఉన్నది."

ఆ కర్ర చప్పుడు సారంగపాణి చెవిలో పడగానే ఏదో లేచింది. చతికిలబడ్డ మనిషి బాసింపట్టు వేసి కూర్చున్నాడు. కప్పు తీసుకుని లోపల గోడకు గ్రీజు పూశాడు. ఒక సూది నిలబెట్టాడు. అంటుకుంది. ఇంకోటి. అదీ అంటుకుంది. మూడోది పెడుతుంటే మొదటిది పడింది. సుత్తె పట్టే వేళ్లు, వడ్లగింజంత సూదిని పట్టలేవు. అయిదుసార్లు పెట్టాడు, అయిదుసార్లూ పడ్డాయి.

"ఇటియ్యి," అంది చిలుకమ్మ.

"గ్రీజున్నది. నీ చెయ్యి..."

"కడుక్కుంట. ఇటియ్యి అంటాన."

పెళ్లయిన పదేళ్లలో జిడ్డును కడగడమే తప్ప కావాలని ముట్టని చెయ్యి గ్రీజులోకి వెళ్లింది. వేలి కొసకు ఆవగింజంత తీసుకుని కప్పు గోడకు రాసింది, అదే కొసతో సూదిని ఎత్తి నిలబెట్టింది. పడుగులో తెగిన పోగును పక్క పోగు కదలకుండా ముడేసే వేళ్లు అవి. ఒకటి, రెండు, మూడు అని పెదవులు కదులుతున్నాయి. ఇరవై ఆరు దగ్గర వరస నిండింది, ఇరవై ఏడోదానికి సందు లేదు. మధ్యలో క్రాస్ చెయ్యి పట్టేంత గుండ్రటి ఖాళీ మిగిలింది, ఎండు గడ్డితో అల్లిన పిట్టగూడులా. సారంగపాణి ముందుకు వంగి చూస్తున్నాడు. సోమక్క పెరుగు గిన్నె కింద పెట్టి మరీ చూస్తోంది.

రెండో కప్పు, ఇరవై ఆరు. మూడోది, ఇరవై ఆరు. నాలుగో కప్పులో ఇరవై అయిదు నిలబెట్టాక చిలుకమ్మ చెయ్యి పళ్లెం మీదికి పోయి ఖాళీగా తిరిగొచ్చింది.

"ఒకటి తక్కువ ఉన్నది," అంది.

"సరిగ లెక్కవెట్టినవా?"

"నన్ను లెక్క అడుగుతానవా నువ్వు?"

నిజమే, అది అడగాల్సిన మాట కాదు. నాలుగు ఇరవై ఆర్లు నూట నాలుగు. ఉన్నవి నూట మూడు. నాలుగో కప్పు గోడలో ఊడిన పన్నులా సందు కనిపిస్తోంది. సారంగపాణి కిరసనాయిలు గిన్నెను పంచె కొంగులో వడగట్టాడు. నలుసులే వచ్చాయి. గుడ్డలు దులిపాడు. పాత రేడియో విప్పి, స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి, గచ్చు మీద ఇంచు ఇంచూ తిప్పాడు. రెండు మేకులు, ఒక జడపిన్ను, గట్టయ్య చొక్కా నుంచి ఎప్పుడో ఊడిపోయిన ఇనుప గుండీ దొరికాయి.

"నా గుండీ," అన్నాడు గట్టయ్య.

"కాలు లేపు అన్నా."

"ఏందీ?"

"కాలు లేపు. నీ కింద ఉన్నదేమో."

అన్నను కాలు లేపమన్న తమ్ముణ్ణి ఆ వాడ అంతకు ముందు చూడలేదు. గట్టయ్య ఎంత బిత్తరపోయాడంటే, నిజంగానే ఒకటి తర్వాత ఒకటి రెండు కాళ్లూ లేపి చూపించాడు. సారంగపాణి సోమక్కను కూడా లేపి, ఆమె కూర్చున్న చాపను దులిపాడు.

"నా కొంగుల దాసుకున్ననా? ఈ వయసుల నాకు కారు ఎందుకురా," అంటూనే ఆమె కొంగు దులిపి చూపించింది.

ఇక మిగిలింది చిలుకమ్మ ఒక్కతే. నాలుగో కప్పు చేతిలో పట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది.

"నన్ను గుడ లేవమంటవా?" అంది.

సారంగపాణి ఆమె ముందు ఒక్క క్షణం ఆగాడు. "నువ్వెందుకు లేసుడు. నీ తాన ఉంటె నువ్వియ్యవా," అని అయస్కాంతం పట్టుకుని గుంత వైపు తిరిగాడు.

గుంత అంచున గట్టయ్య సుద్దముక్కతో మగ్గం నిట్టాళ్లు నాటే చోట్లకు గుర్తులు పెడుతున్నాడు. మూడు గుర్తులు పడ్డాయి. నాలుగోది పడుతుండగా వెనక నుంచి చిలుకమ్మ గొంతు వినిపించింది.

"ఇగో. దొరికింది."

ఆమె వేలి కొస మీద నూట నాలుగో సూది. తను కూర్చున్న చాప అంచున ఉందంది. సారంగపాణి అరవలేదు, ఎగరలేదు. ఆ వేలును రెండు చేతులతో పట్టుకుని కప్పు దాకా నడిపించాడు, ఆమెకు దారి తెలియనట్టు. సూది సందులో కూర్చుంది. వరస నిండింది.

ఆ తర్వాత పనంతా పరుగే. క్రాస్‌ను ఇనుప చెవుల మధ్య నిలబెట్టి, కప్పు మీద చెక్క ముక్క ఆనించి మెల్లగా తట్టాడు. మొదటి కప్పు దిగింది, లాకు టిక్ మని గాడిలో పడింది. రెండోది, మూడోది అలాగే. నాలుగోది ముప్పావు దిగి ఆగింది. సుత్తె పైకి లేచింది. హైదర్ మూడో వేలు గుర్తొచ్చి కిందికి దిగింది. బయటికి తీసి చూస్తే ఒక సూది అడుగున అడ్డంగా పడుకుని ఉంది. చిలుకమ్మ దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఈసారి కప్పు పెరుగులో గరిటెలా దిగింది. టిక్.

"ఇంకోసారి అనిపియ్యి," అంది సోమక్క. ఆ చప్పుడు ఆమెకు అంత నచ్చింది.

షాఫ్టు పైకెక్కింది. ఎర్ర పోగు ఎర్ర పోగుకు ఎదురొచ్చింది, నాలుగు బోల్టులూ బిగిశాయి, కారిపోయిన నూనెకు బదులు గేర్‌బాక్స్‌లో కొత్తది పడింది. పొద్దు గోడ దిగకముందే సారంగపాణి కారు తాళం తిప్పాడు. గేరు వేసి నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కి. అందరూ చెవులు రిక్కించారు. టక్ లేదు. గట్టయ్య వంగి, చెవి బానెట్టుకు ఆనించి మరీ విన్నాడు.

"గిక్కడ అనకపోతె ఏమైంది. రేపు ఘాటు రోడ్డు మీద అంటది," అన్నాడు. వరంగల్లుకూ ములుగుకూ మధ్య ఘాటు రోడ్డు లేదని ఎవరూ అనలేదు.

ఆదివారం పొద్దున గట్టయ్య వెనక సీట్లో న్యాయమూర్తిలా ఎక్కాడు. సారంగపాణి ముందు తలుపు తీసి పట్టుకుని చిలుకమ్మను కూడా ఎక్కమన్నాడు. మూడేళ్లలో ఆ కారులో పెళ్లికూతుళ్లు ఎక్కారు, బాలింతలు ఎక్కారు, ఒకసారి మేకపోతు కూడా ఎక్కింది. చిలుకమ్మ ఎక్కడం అదే మొదలు. సీటు మీద చెయ్యి రాసి, కొంగు సర్దుకుని, కూర్చుంది.

ములుగు రోడ్డు ఎక్కాక ముప్పై. ఆత్మకూరు దాటాక నలభై. వణుకు మొదలవ్వాల్సిన చోటు అదే. సారంగపాణి రెండు చేతులూ స్టీరింగు మీద బిగుసుకున్నాయి. నలభై అయిదు. యాభై. కారు నూనె రాసిన నాడెలా పోతోంది. కావాలనే యాక్సిలరేటర్ వదిలాడు, మళ్లీ తొక్కాడు. ఏమీ లేదు. ఎదురొచ్చిన బస్సును, అడవి దారి జీపులను దాటుకుంటూ, కనిపించిన ప్రతి మైలురాయికీ హారను కొట్టాడు. "రాళ్లకు గుడ కొడ్తానవా," అని చిలుకమ్మ నవ్వింది. వెనక నుంచి గట్టయ్య దగ్గు తప్ప ఏ చప్పుడూ లేదు.

ములుగు బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ గట్టయ్య సాసర్‌లోకి చూసుకుంటూ అన్నాడు, "గుంత నీదే పో తమ్మీ. మగ్గం వసారల ఏసుకుంట." ఆ ఊళ్లోనే ఉన్న కూతురు నిర్మల ఇంటికి పోయి రేపు బస్సులో వస్తానన్నాడు. లేస్తూ లేస్తూ, చిలుకమ్మ గ్లాసు ఇవ్వడానికి పోయిన సందు చూసి, తమ్ముడి చెవిలో ఇంకో మాట వేశాడు.

"కని నీ పెండ్లాం కావాల్ననే కడిగిందిరా. మొన్ననే మా వరలక్ష్మితోని అన్నదట, ఆ బండి పోతె నాకు ఊపిరాడుతది అని. ఎరుక ఉండనియ్యి."

వరలక్ష్మి గట్టయ్య భార్య. అబద్ధాలాడే మనిషి కాదు. సోమవారం గట్టయ్య బస్సు దిగి ఆ మాటనే నల్లా దగ్గర దించాడు, అక్కడి నుంచి వాడంతా మోసుకుంది.

తిరుగు దారిలో కారు ఇంకా తేలిగ్గా పోయింది, సారంగపాణికే బరువెక్కింది. ఆత్మకూరు వచ్చింది, పోయింది. అడుగుదామా వద్దా అని అవసరం లేని చోట రెండుసార్లు గేరు మార్చాడు. చిలుకమ్మ కిటికీలో నుంచి చెయ్యి బయటపెట్టి గాలిని పట్టుకుంటోంది. వరంగల్లు మేడలు కనిపించేసరికి ఇక ఆగలేక, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అడిగేశాడు.

"నిజం చెప్పు. నిన్న నువ్వు కావాల్ననే చేసినవా?"

చిలుకమ్మ చెయ్యి లోపలికి తీసుకుంది.

"కడిగింది తెలువకనే కడిగిన, మా అత్త తోడు. సూది సంగతి వేరే. నువ్వు మీ అన్న కాళ్లు లేపిస్తాంటె నా మడిమె కింద సుర్రుమన్నది. ఎరుకై గుడ కాలు తియ్యలే. ఈ ఒక్కటి పోతె బండి పోతది, బండి పోతె నువ్వు నా పక్కపొంటి మగ్గం మీద కూసుంటవు అనుకున్న. మూడేండ్ల సంది ఒక్కదాన్నే కొడ్తాన ఆ పంజా. నువ్వు వచ్చి, నీ తాన ఉంటె నువ్వియ్యవా అంటివి. అన్నంక ఎట్ల ఉంచుకుంట? కాలు మండింది, తీసిచ్చిన. బండి ఉండనియ్యి, నాకేం బాధ లేదు. కని మంగళారం శుక్రారం కిరాయిలు బంద్, పొద్దుగాల్నే మగ్గం మీద నా పక్కకు కూసోవాలె. ఐతారం నేను గీ సీట్ల కూసుంట, ఎవ్వల పెండ్లున్నా సరే."